ఖాళీ యిల్లు – కోర్టు వ్యాజ్యము

మన శ్రోతలలో పలువురు అద్దె యిండ్లలో కాపురము చేసినవారే. యజమానికి, అద్దెదారుకు నడుమ ప్రభుత్వము మూడవ పక్షముగా ఎట్లు ప్రవేశించెనో, అందువలన ఎట్టి తగవులు పుట్టెనో తెలిసికొనుట ఆసక్తికరము.

ద్వితీయ ప్రపంచ సంగ్రామకాలమున పట్టణములకు జనము వెల్లువగా వచ్చి చేరెను. గృహనిర్మాణ సామగ్రి కఱవాయెను, అద్దెలు పెరిగినవి. ప్రభుత్వములు అద్దెకు హద్దు విధించినవి. ఐనను చిక్కు తీరలేదు. ఇల్లు ఖాళీ ఐనపుడు చాటుగా ముడుపు చెల్లించినవారికే అది దక్కును. అందుచే ప్రభుత్వము అద్దెతోపాటు ఖాళీని కూడ తన చేతిలోనికి తీసికొనెను.

మదరాసు రాష్ట్రమున 1946లోను, పిదప 1949లోను శాసనములు వెలసినవి. ఇల్లు ఖాళీ ఐనచో యజమాని అధికారికి వ్రాసి తెలుపవలెను. ఉద్యోగుల నివాసమునకు అవసరమైనచో ప్రభుత్వము దానిని తీసికొనవచ్చును. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, కర్నూలులో కొన్ని కార్యాలయములు డేరాలలో నడచిన నాడును ఈ శాసనమే అమలులో నుండెను. తెలంగాణమునకు 1954 నాటి హైదరాబాదు శాసనము వేరుగా ఉండెను. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనము ఆ రెంటిని తొలగించి, ఖాళీని తెలుపవలెనను నియమమును మాత్రము నిలిపెను.

ఉత్తరప్రదేశమున ఈ అధికారము మఱింత విస్తృతము. 1947 నాటి శాసనము ననుసరించి, ఖాళీ యింటిని ఎవరికి ఇయ్యవలెనో జిల్లా మేజిస్ట్రేటే ఆదేశింపవచ్చును. 1972 శాసనము ఇంకను కఠినము. ఖాళీ ఐన ఏడు దినములలో యజమాని తెలుపవలెను. కేటాయింపు ఉత్తర్వు లేక అతడు ఇల్లు అద్దెకు ఇయ్యరాదు. వేఱొకరు అందు ప్రవేశింపరాదు. యజమాని తానే నివసింపగోరినను విడుదల ఉత్తర్వు పొందవలెను. అద్దెదారు అదే పట్టణమున సొంత యిల్లు కట్టుకొన్నచో, అతడు కాపురమున్న అద్దె యిల్లు చట్టము దృష్టిలో ఖాళీయే!

ఐతే అనేకులు ఉత్తర్వు కొఱకు ఎదురుచూడక తమలో తామే ఒడంబడిక చేసికొనిరి. ఏండ్లు గడచిన పిమ్మట యజమాని ఖాళీ చేయుమనును. "ఆ ఒడంబడిక శాసనవిరుద్ధము, దానినిబట్టి దావా చెల్లదు" అని అద్దెదారు వాదించును. చట్టమును ఉల్లంఘించినవారు ఇరువురును. ఇల్లు మాత్రము ఒక్కటి. ఇక న్యాయము ఎవరి పక్షము?

బేరారు ప్రాంతపు 1949 నాటి అద్దె ఉత్తర్వుపై వచ్చిన నానక్‌రామ్ వ్యాజ్యమున, 1986లో సుప్రీంకోర్టు దీనికి సమాధానము చెప్పెను. అట్టి ఒడంబడిక అధికారిని కట్టివేయదు గాని, చేసికొన్న ఇరువురిని కట్టివేయును. ఉత్తరప్రదేశ శాసనము విషయమున అలహాబాదు హైకోర్టు పూర్ణ ధర్మాసనము దీనికి భిన్నముగా తీర్పు చెప్పెను. నూతన్‌కుమార్ వ్యాజ్యమున 2002లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చెను. ఇల్లు పుచ్చుకొని అనుభవించినవాడు, ఉత్తర్వు లేదను సాకుతో యజమాని దావాను అడ్డగింపజాలడని తేలెను. జిల్లా మేజిస్ట్రేటు అధికారమునకు మాత్రము దీనివలన భంగము లేదు.

1947 శాసనము పేరులోనే "తాత్కాలిక" అను మాట ఉన్నది. అది ఇరువదియైదేండ్లు నిలిచెను. దాని స్థానమున వచ్చిన 1972 శాసనము 2021లో గాని రద్దు కాలేదు. యుద్ధకాలపు ఇండ్ల కఱవు నుండి పుట్టిన ఏర్పాటు మూడు తరముల కాపురములను కోర్టు గుమ్మము నెక్కించెను. ఇండ్ల కొఱత తీరనంతకాలము తాత్కాలిక శాసనమునకు ఆయువు తీరదని ఈ చరిత్ర తెలుపుచున్నది.