పనిపాటల నడుమ సంగీతము

తెలుగున "పనిపాటలు" అను జంటపదము కలదు. ఇందలి "పాట" గానమా, లేక శ్రమకు పేరైన "పాటు" నుండి పుట్టినదా అను తర్కమును పండితులు తేల్చుకొందురు గాక. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పూర్వజీవనమును చూచినచో రెండర్థములును చెల్లును. తీరిక చిక్కిన పిమ్మట పాడుకొందమని ఇచ్చటివారు వేచియుండలేదు. వేచినను ఆ తీరిక వారికి దొరకునది కాదు.

రోకటిపోటే పాటకు తాళము. నాట్లనాడు ఒకతె పల్లవి నెత్తుకొనగా తక్కినవా రందుకొందురు. తల్లి ప్రక్కన వంగి నాటుచునే పిల్ల పాటను నేర్చెడిది. ఇట్టి శ్రామికగేయములకు బిరుదురాజు రామరాజుగారు 1958లో వెలువరించిన "తెలుగు జానపదగేయ సాహిత్యము" విద్వల్లోకమున గౌరవము కల్పించెను.

వినికిడికి రాత్రులుండెను. చీకటిపడిన పిమ్మట ఒగ్గుకథకులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను డోలు మ్రోగించుచు చెప్పుచుండ, ప్రొద్దంతయు పొలమున వంగిన జనము తెల్లవారుదాక కూర్చుండెడిది. వేములవాడ చెంతనున్న హనుమాజీపేటలో 1931లో రైతుకుటుంబమున జన్మించిన ఆచార్య సి. నారాయణరెడ్డిగారి చదువు ఉర్దూ మాధ్యమమున సాగినది. తెలుగునకు బడిలో చోటు చాలని ఆ దినములలో హరికథలు, జంగము కథలు, జానపదములు ఆయనకు రెండవ బడియయ్యెను. 1962లో విడుదలైన "గులేబకావళి కథ" పాటల వెనుక ఆ రాత్రుల వినికిడి కలదనుట అతిశయోక్తి కాదు. ప్రసిద్ధ ఒగ్గుకథకులు మిద్దె రాములుగారిదియు ఆ గ్రామమే.

ఇక సిరిసిల్ల మగ్గము. గుంటమగ్గముపై కాళ్లు పలకలను త్రొక్కుచుండ, నాడె యిటునటు పారుచుండ వెలువడు చప్పుడు లయకు లోబడునది; గొంతును మ్రింగదు. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున మరమగ్గములు వచ్చెను. అనేక మరమగ్గము లొక్క కొట్టున నడచునప్పుడు ప్రక్కవానితో మాటలాడుటకే కేకవేయవలెను, కూనిరాగ మెక్కడ? కూలికిని బట్టకును లెక్కలున్నవి, పోయిన పాటకు పద్దు లేదు.

బీడీలు చుట్టు స్త్రీల స్థితి కొంత మేలు. ఒడిలో చేట, చేతిలో తునికాకు. చేతులకు క్షణము విరామము లేకున్నను చెవులకు స్వేచ్ఛ కలదు. 1935లో మొదలైన హైదరాబాదు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలసిన పిమ్మట, ఇండ్లలోనికి రేడియో పెట్టె వచ్చినకొలది, పనిలో కూర్చుండియే పాట వినుట సాధ్యమయ్యెను. క్యూబా దేశపు హవానా నగరమున చుట్టల కర్మాగారములందు 1865 నుండియే యొకడు బిగ్గరగా పుస్తకము చదువుచుండ పనివారు చుట్టలు చుట్టెడివారు. ఆ చదువరికి జీతము వారు తమ కూలినుండియే చందా వేసికొని యిచ్చిరి. గ్రంథాలయ చందాదారు లీ సంగతిని గుర్తుంచుకొనదగును.

సాధనకు మాత్రము చెవి చాలదు, వేళ కావలెను. ఆ వేళను పల్లెలకు కల్పించినది భజన. ధర్మపురి శేషప్పకవి నరసింహ శతక పద్యములను పుస్తకము చూడకయే రాగముతో చదువగలవారు భజనలవలననే తయారైరి. వారమున కొకనాడని కట్టడియుండుటచే మద్దెల వాయించు నేతగానికి చేయి ఆరిపోలేదు. మరమగ్గముల కొట్టులందు రాత్రిపాళీ ప్రవేశించిన పిమ్మట ఆ కట్టడియే చెదరెను. మద్దెలవాడు పగటిపాళీ ముగించుకొని వచ్చునప్పటికి తాళములవాడు మగ్గముచెంత కేగుచుండును.