పులికాట్ డచ్చి సమాధుల తోట: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగువారి ప్రొటెస్టెంట్ సంఘ చరిత్రను 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరడంతో ప్రారంభించడం మనకు అలవాటు. అయితే అంతకు నూట డెబ్బది ఏండ్లకు పూర్వమే, తెలుగు మాట వినిపించే ఒక సరస్సు ఒడ్డున ఒక ప్రొటెస్టెంట్ సంఘం ఆరాధన జరుపుకొన్నది, తన మృతులను పాతిపెట్టుకొన్నది. ఆ సరస్సు పులికాట్. సూళ్లూరుపేట, తడ ప్రాంతాల వారికి అది ప్రళయకావేరి. సరస్సులో అధికభాగం నేటి తిరుపతి జిల్లాలో ఉన్నది. దాని పేరు మోసే పాత రేవు ఊరు మాత్రం దక్షిణపు కొసన, తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉన్నది. అక్కడి డచ్చి సమాధుల తోటను ఒక ప్రశ్నతో పరిశీలించదలచాము: రాతిపై పేరు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు?

స్థాపన నేపథ్యం

డచ్చివారు పులికాట్‌కు వచ్చింది సువార్త కొరకు కాదు, బట్టల కొరకు. తూర్పు దీవులలో మిరియాలు, లవంగాలు కొనాలంటే వెండి కన్న కోరమాండల్ నేత బట్టలే ఎక్కువగా చెల్లేవి. విజయనగర చక్రవర్తి రెండవ వేంకటపతి రాయలు 1610లో వారికి ఇక్కడ వర్తకానికి అనుమతి ఇచ్చాడు. పెనుకొండను విడిచి చంద్రగిరిని రాజధాని చేసుకొన్నది ఈ రాయలే. కనుక ఈ ఊరి చరిత్రకు చిత్తూరు సీమతో నేరుగా సంబంధం ఉన్నది. శాంథోమ్ నుండి వచ్చిన పోర్చుగీసువారు 1612లో డచ్చి వర్తకశాలను ధ్వంసం చేయగా, మరుసటి ఏడు వెమ్మర్ వాన్ బెర్కెం కోటను నిలబెట్టి, తన స్వదేశపు రాష్ట్రం పేరిట గెల్డ్రియా అని పిలిచాడు. 1690లో నాగపట్నానికి మారేవరకు డచ్చి కోరమాండల్ పాలనకు ఇదే కేంద్రం. 1824 నాటి ఒప్పందాన్ని అనుసరించి 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైంది.

కోట శిథిలమైంది. సమాధులు నిలిచాయి.

తోట స్వరూపం

నేడు ఈ తోట భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. ద్వారానికి ఇరుప్రక్కల రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు నిలుచున్నాయి. వాటిలో ఒకదానికి ఇసుక గడియారం, మరొకదానికి పుర్రె జతగా ఉన్నాయి. లోపల డచ్చి భాషలో లిఖితమైన పెద్ద పలకలు, వంశ చిహ్నాలు, గోపురాల వంటి కట్టడాలు, కొనదేలిన స్తంభాలు కనిపిస్తాయి. 1897లో అలెగ్జాండర్ రే డచ్చి కంపెనీ కట్టడాలపై గ్రంథం ప్రకటించాడు. 1905లో జె. జె. కాటన్ మద్రాసు రాజధానిలోని సమాధి శాసనాల పట్టికను వెలువరించాడు. ఈ రెండు గ్రంథాలు పరిశోధకులకు నేటికీ ఆధారం.

ఆ ఇసుక గడియారం చెప్పేది తొంబదియవ కీర్తన చదివినవారికి క్రొత్త కాదు. నరుని దినములు లెక్కింపబడినవి. అయితే అదే మాట పులికాట్‌లో మరొక నోట కూడా వినిపించింది.

రొజేరియస్, పద్మనాభుడు

అబ్రాహాం రొజేరియస్ 1632 నుండి 1642 వరకు ఇక్కడ సంస్కరణ సంఘపు బోధకుడు. జీగెన్‌బాల్గ్ తరంగంబాడిలో దిగడానికి 74 సంవత్సరాల ముందుమాట ఇది. రొజేరియస్ పోర్చుగీసులో కూడా బోధించేవాడు, ఎందుకనగా నాటి రేవుల ఉమ్మడి భాష అదే. పద్మనాభుడనే బ్రాహ్మణుడు ఆ భాషలోనే అతనికి హిందూ ఆచారాలను వివరించి, భర్తృహరి నీతి, వైరాగ్య శతకాలను తెలియజెప్పాడు. శృంగార శతకం ఆ గ్రంథంలో లేదు. రొజేరియస్ 1649లో మరణించగా, 1651లో లైడెన్‌లో వెలువడిన అతని గ్రంథం ద్వారా భర్తృహరి మొదటిసారి ఐరోపా భాషలోకి వెళ్లాడు. ఏనుగు లక్ష్మణకవి ద్వారా మనం ఎరిగిన భర్తృహరియే ఇతడు. జీవితపు అనిత్యత్వాన్ని ద్వారం మీది పుర్రె డచ్చివారికి చెప్పుచుండగా, వైరాగ్య శతకం వారి బోధకునికి చెప్పినది.

పేరు లేని మృతులు

రొజేరియస్ ఈ తోటలో లేడు. అతడు స్వదేశానికి మరలిపోయి కన్నుమూశాడు. ఇక్కడ ఉన్నవారు కంపెనీ అధికారులు, వర్తకులు, వారి భార్యలు, పిల్లలు. అయితే వారి సంపదను నేసిన సాలెవారికి, పడవలు నడిపిన బెస్తలకు ఇక్కడ పలక లేదు. అంతకంటె బాధాకరమైన సంగతి మరొకటి. కరవు, యుద్ధాల కాలంలో ఆకలికి తాళలేక అమ్ముడుపోయిన మనుషులను కంపెనీ ఈ తీరం నుండి వేల సంఖ్యలో బటావియాకు బానిసలుగా తరలించింది. వారిలో ఎందరో సముద్రం మీదనే చనిపోయారు. ఆదివారం ఆరాధనకు కూడిన సంఘమూ ఓడలెక్కించిన కంపెనీయూ ఒక్క కోటలోనే ఉండేవి. బోధకుని జీతం కూడా కంపెనీదే. ఈ నిజాన్ని ప్రక్కనబెట్టి వ్రాసిన సంఘ చరిత్ర సగం చరిత్రే అవుతుంది.

ముగింపు

మా పరిశీలనలో తేలినది రెండు సంగతులు. మొదటిది, ఈ తోటను కేవలం పరదేశుల స్మారకంగా విడిచిపెట్టరాదు. భీమునిపట్నం, మచిలీపట్నం డచ్చి సమాధులతో కలిపి దీనిని మన తీర సంఘ చరిత్రలో భాగంగా చదవాలి. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేరు నేటికీ ఆ హాలండువారిని గుర్తుచేస్తూనే ఉన్నది. రెండవది, శాసనాలను తెలుగులోకి తెచ్చే విద్యార్థి ఓడల లెక్కలను కూడా చదవాలి. పునరుత్థానమును నమ్మే సంఘం, రాతిపై పేరున్నవారు మాత్రమే లేస్తారని నమ్మదు. గనుక దాని చరిత్రకారుడు కూడా పేరున్న సమాధుల దగ్గరే ఆగిపోరాదు.