ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు పరీక్ష

మరపడవ ఇంజన్ శక్తిని ప్రొపెల్లర్‌కు చేర్చే లోహపు కడ్డీ తిన్నగా ఉందో లేదో కొలిచే పద్ధతి ఇది. పడవ ఇసుకమేటకు తగిలినా, ప్రొపెల్లర్‌కు వల చుట్టుకున్నా షాఫ్ట్ వంగవచ్చు. అప్పుడు పడవ అదురుతుంది, బేరింగులు త్వరగా అరుగుతాయి, షాఫ్ట్ పడవ బయటకు వెళ్లే చోట నీటిని ఆపే స్టఫింగ్ బాక్స్ దగ్గర నీరు ఎక్కువగా కారుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. విశాఖపట్నం, కాకినాడ పడవలకు ఈ పరీక్ష చేయించడానికి అంతకంటే అనువైన కాలం లేదు.

షాఫ్టును విప్పి, తుడిచి, బేరింగులు కూర్చునే చోట్ల వి-బ్లాకులపై (V ఆకారపు గాడి ఉన్న దిమ్మెలపై) పెడతారు. మిల్లీమీటరులో నూరోవంతు చూపే డయల్ గేజ్ మొనను ఆనించి, చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతారు. ముల్లు చూపిన గరిష్ఠ, కనిష్ఠ అంకెల తేడాలో సగమే అసలు వంపు: 0.20 మి.మీ. తేడా వస్తే మధ్యరేఖ 0.10 మి.మీ. పక్కకు జరిగినట్టు. పొడవునా పలుచోట్ల కొలిచి సుద్దతో గుర్తు పెట్టాలి. అరిగిన గాడిపై వచ్చిన అంకెను నమ్మకూడదు.

పొడవాటి షాఫ్ట్ సొంత బరువుకు కొంత కుంగుతుంది. ఎంత తిప్పినా ఆ కుంగు కిందివైపే ఉంటుంది కాబట్టి ముల్లు కదలదు. దారం పట్టి చూస్తే మాత్రం అదే వంపులా కనిపిస్తుంది. తిప్పి కొలవడమే మేలు.

గేరును న్యూట్రల్‌లో ఉంచి పడవలోనే పరీక్షించవచ్చు, కానీ బేరింగు సందు కూడా కొలతలో కలుస్తుంది. స్వల్ప వంపును ప్రెస్‌పై సరిచేస్తారు. పగులు కనిపిస్తే షాఫ్టును మార్చాల్సిందే.