పసుపు కేసు గెలిచాం, సరే... తర్వాత?

"అమెరికావాడు మన పసుపు మీద పేటెంటు కొట్టేస్తే మనవాళ్ళు బుద్ధి చెప్పారు" అన్న కథ మీరూ వినే ఉంటారు. కథ నిజమే. కానీ అందులో మనం చెప్పుకోని మెలిక ఒకటుంది.

1995 మార్చిలో, గాయాలు మాన్పడానికి పసుపు వాడటంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి అమెరికా పేటెంటు (నంబరు 5,401,504) దక్కింది. తమాషా ఏంటంటే, కనిపెట్టినవాళ్ళుగా పేర్లున్న ఇద్దరూ భారత సంతతివాళ్ళే. 1996లో మషేల్కర్ నాయకత్వంలోని సీఎస్ఐఆర్ సవాలు చేసింది, 1997లో పేటెంటు రద్దయింది.

మెలిక ఇదీ. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పరాయి దేశంలో ఎంతమంది, ఎన్ని తరాలుగా వాడుతున్నా లెక్కలోకి రాదు. అచ్చులో ఉండాలి. అందుకే సీఎస్ఐఆర్ 32 ఆధారాలు వెతికి తీసింది. వాటిలో ప్రాచీన సంస్కృత గ్రంథంతో పాటు, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఉంది. అంటే దోక్కుపోయిన మోకాళ్ళకి పసుపు అద్దిన కోట్లమంది అమ్మమ్మల సాక్ష్యం చెల్లలేదు, రాసిపెట్టినవాళ్ళదే చెల్లింది. (2011లో వచ్చిన చట్టంతో ఆ నిబంధన మారిందనుకోండి.)

ఇంతకీ మనం నెగ్గింది "ఇది కొత్తది కాదు" అన్న వాదన. "ఇది ఎంత వేస్తే, ఎన్నాళ్ళకి, ఎంత పనిచేస్తుంది" అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. పసుపులోని కర్క్యుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, వెలుతురు తగిలితే చెడిపోతుంది. పైగా వంటింటి డబ్బాలో పసుపు సూక్ష్మక్రిములు లేనిదేం కాదు. షుగర్ ఉన్నవాళ్ళ కాలిపుండుకి "మంచిదే లెండి" అన్న మాట చాలదు కదా!

దీనికో దారి ఇంకో పాత పేటెంటులో దొరికింది. పాలిమర్ ద్రావణాన్ని సూదిలోంచి వదులుతూ వేల వోల్టుల కరెంటు పెడితే, చుక్క సాగి సన్నటి దారమవుతుంది. దారిలోనే ద్రావకం ఆవిరై, వెంట్రుకలో వందోవంతు మందం ఉండే పోగులు పలకమీద పరుచుకుంటాయి. ఈ ఎలక్ట్రోస్పిన్నింగ్‌కి 1902లోనే కూలీ, మోర్టన్‌లకు అమెరికా పేటెంట్లొచ్చాయి. దాన్ని 1990లలో ఆక్రన్ విశ్వవిద్యాలయంలో రెనెకర్ బృందం మళ్ళీ వెలుగులోకి తెచ్చింది. 2007లో బ్యాంకాక్‌లోని చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంవాళ్ళు సెల్యులోజ్ ఎసిటేట్ పోగుల్లో కర్క్యుమిన్ నింపి, అది ఎంత వేగంగా బయటికొస్తోందో కొలిచారు. తర్వాత మన సరస్వతి ఆకు రసంతోనూ అదే చేశారు.

కొలిచారు. నాకు నచ్చింది ఆ మాటే. ప్రయోగశాల నుంచి ఆసుపత్రికి ఇంకా దూరముంది. ఆకురసం ఒక పంటకీ ఇంకో పంటకీ ఒకేలా ఉండదు, పోగుల్లో ద్రావకం మిగలకూడదు. ఇవన్నీ తేల్చాల్సిందే. కానీ పేటెంటు రద్దు చేయించడం కంచె వేసుకోవడం లాంటిది. పంట పండించడం వేరే పని. అమ్మమ్మ మాట పక్కన ఈసారి మన అంకెలు కూడా ఉంటే, కోర్టు కోసం కాదు, ఆ కాలిపుండు కోసం పనికొస్తాయి. ఏమంటారు?