రామదాస్ కిరణజన్య సంయోగక్రియ ప్రయోగశాల, తిరుపతి

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి. ఎస్. రామదాస్ నడిపిన ఈ ప్రయోగశాల, శిష్యులకిచ్చే కాలం పరిశోధనను కుంటుపరుస్తుందన్న వాదనకు గట్టి జవాబు. 1978లో ‘నేచర్’లో వచ్చిన పత్రంపై ఆయనతోపాటు యువ పరిశోధకులు ఎ. ఎస్. రాఘవేంద్ర, జి. రాజేంద్రుడు పేర్లున్నాయి. మొల్లుగో న్యూడికాలిస్ అనే కలుపుమొక్కలో లేత ఆకులు సి3, ముదురు ఆకులు సి4 అనే వేర్వేరు కిరణజన్య సంయోగక్రియ పద్ధతుల్లో కర్బనాన్ని స్థిరీకరిస్తాయని అది పేర్కొంది. రాఘవేంద్ర తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై ఈ శాస్త్రాన్నే కొనసాగించారు.

యంత్రాల్లేని బడికి ఈ శాస్త్రం అందదని ఆక్షేపించవచ్చు. స్థిరీకరణను కొలవడానికి పరికరాలు కావాలి, నిజమే. కానీ సి3 పద్ధతి పాటించే వరి, సి4 పద్ధతి పాటించే జొన్న ఆకుల అడ్డుకోతలను మామూలు సూక్ష్మదర్శిని కింద పోల్చితే, జొన్న ఈనెల చుట్టూ పెద్ద కణాల వలయం స్పష్టంగా కనిపిస్తుంది. అలాంటి బడిలోని సైన్సు టీచరూ దీన్ని చూపగలరు. విశ్వవిద్యాలయం నేర్పవలసింది పలుచని కోత తీసే మెలకువ.