అటక మీది జాబితా

మొన్న వేసవిలో మా అమ్మ తెనాలి ఇల్లు ఖాళీ చేసింది. నాన్న పోయిన మూడేళ్ళకి, మెట్లెక్కలేని మోకాళ్ళతో, హైదరాబాదులో నేనుండే రెండు గదుల ఫ్లాటుకి రావడానికి ఒప్పుకుంది. ఒప్పుకుంది అనడం కంటే ఒప్పించాను అనడం నిజం. నలభై ఏళ్ళ కాపురాన్ని ఒక చిన్న వ్యానులో సర్దాలి. అటక మీది సామాను దింపడానికే రెండు రోజులు పట్టింది. గంగాళం, రెండు ఇత్తడి బిందెలు, మరచెంబులు, కంచు గిన్నెలు, రాచ్చిప్ప, ఊరగాయ జాడీలు, ఏళ్ళ తరబడి ఎవరూ తెరవని ఒక ట్రంకుపెట్టె. అన్నీ వసారాలో పరిచేసరికి నడవడానికి దారి లేదు. "ఏది వదిలేసినా నాకేం బాధ లేదే" అంటూనే, నేను పక్కన పెట్టిన ప్రతిదాన్నీ అమ్మ మళ్ళీ వెనక్కి తెచ్చి పెట్టింది.

పాత కాగితాలు చదవడం నా పని. స్త్రీల పత్రికల మీద డాక్టరేట్ చేశాను. 1902లో మొదలైన 'హిందూ సుందరి' కోసం, 1928లో మొదలైన 'గృహలక్ష్మి' కోసం గ్రంథాలయాల్లో చాలా దుమ్ము పీల్చాను. మా ఇంటి గిన్నెల మీద కూడా అక్షరాలున్నాయని, అవి కూడా చదవచ్చని ఎప్పుడూ తోచలేదు. కొత్త గిన్నె కొంటే పేరు కొట్టించడం మన ఇళ్ళలో మామూలే. చిన్న ఉలీ సుత్తీ పెట్టుకుని చుక్కలు చుక్కలుగా అక్షరాలు దించేవాళ్ళు. తర్వాత మిషన్లొచ్చాయి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ సామాను ఎరువిచ్చుకునే రోజుల్లో తారుమారు కాకుండా ఆ పేర్లు అక్కరకొచ్చేవి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఏది ఎవరిదో చెప్పే సాక్ష్యం కూడా అవే.

సరే, లెక్కపెడదామని కూర్చున్నాను. పేర్లున్నవి నలభై ఒకటి. ముప్ఫై ఎనిమిదింటి మీద మగవాళ్ళే: తాతయ్యలిద్దరూ, వాళ్ళ తండ్రులు, నాన్న. మిగిలిన మూడింటిలో రెండు, పోయిన ఆడవాళ్ళ జ్ఞాపకార్థం పెద్దకర్మ నాడు పంచిన స్టీలు గ్లాసులు. మా ఇళ్ళలో ఆడమనిషి పేరు గిన్నెకెక్కాలంటే ముందు చచ్చిపోవాలన్నమాట. మూడోది సోలెడు పట్టే కంచు గిన్నె. దాని మీద మా అమ్మమ్మ పేరుంది. ఒక ఒత్తు తప్పు పడింది. గేదె పాలమ్మిన డబ్బుతో తనే కొనుక్కుని తనే కొట్టించుకుందిట. "అక్షరానికింతని తీసుకునేవాడు. అందుకని ఇంటిపేరు వద్దంది" అని అమ్మ చెప్పింది. అందుకేనో, ఇంకెందుకో.

ఈ లెక్కలోకి రాని పేరు ఇంకొకటుంది. ఈ సామానంతా ముప్ఫై ఏళ్ళు చింతపండూ బూడిదా వేసి తోమినావిడది. వసారా గూట్లో ఆవిడకి వేరే గ్లాసు ఉండేది. ఎంత వెతికినా అది కనబడలేదు. పాత సామాను ఏం చెయ్యాలా అని బెంగపడాలంటే ముందు సామానుండాలి, దాన్ని దాచడానికి అటకుండాలి. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' కోసం తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాటలనే ఆధారంగా తీసుకున్నారు. మా ఇంట్లో ఆ గ్లాసు గురించి అడిగితే అమ్మ మాట మార్చింది. నేనూ రెట్టించలేదు.

ఆడవాళ్ళకి గిన్నెలు, మగవాళ్ళకి పొలాలు అనే పంపకానికి పెద్ద చరిత్రే ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర స్త్రీధనాన్ని బాగా విశాలంగానే నిర్వచించింది. 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఆ సంప్రదాయంలో స్త్రీధనం ముందుగా కూతుళ్ళకే వస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాకపోతే పొలం ఏటా పండుతుంది, గిన్నె ఏటా సొట్టపడుతుంది. 1937 చట్టం వితంతువుకి భర్త ఆస్తిలో హక్కిచ్చినా, అది బతికున్నన్నాళ్ళు అనుభవించే హక్కే. స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి పూర్తిగా ఆమెదేనని అనిపించుకోవడానికి 1956 దాకా ఆగాల్సొచ్చింది.

అమ్మ పెళ్ళి 1983లో. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమాన హక్కిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి మాత్రం అది వర్తించదు. రెండేళ్ళ తేడాతో అమ్మ గడప బయటే ఉండిపోయింది. మామయ్యలు 1998లో రిజిస్టరు పంపకాలు చేసుకున్నారు. 2005లో కేంద్ర సవరణ పెళ్ళయిన కూతుళ్ళనీ కలుపుకుంది గానీ, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిపోయిన పంపకాల జోలికి వెళ్ళలేదు. ఆ హక్కుకి తండ్రి 2005 నాటికి బతికుండక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఉత్సాహం పట్టలేక అమ్మకి ఫోన్ చేశాను. "మావి ఎప్పుడో అయిపోయినయ్యిగా" అంది. పంపకాల నాడు అమ్మ చేతికొచ్చినవి చీర, పసుపు కుంకుమ, ఈ గంగాళం, ఈ రెండు బిందెలు.

ట్రంకుపెట్టె ఆఖరున తెరిచాం. అమ్మమ్మ పెళ్ళిచీర ఉంటుందనుకున్నాను. అది ఎప్పుడో జరీ కొనేవాడి పాలయిందిట. వాళ్ళు చీర కాల్చి అందులో వెండి తీసుకుంటారు. పెట్టెలో ఉన్నది ఒక పద్దుల పుస్తకం. ముందు పేజీల్లో పాల లెక్క, చాకలి లెక్క, చీటీ లెక్క. వెనక నుంచి తిప్పితే, "అమ్మాయికి పెట్టినవి" అని గీత గీసి, అరవై రెండు వస్తువులు. ప్రతిదానికీ ఎదురుగా అది ఎవరు పెట్టారు, వాళ్ళు ఏమవుతారు, వెల ఎంత. అట్లకాడ కూడా ఉంది.

అది చూసి నేను నిజంగా అదిరిపోయాను. పెళ్ళిలో ఇచ్చిన కానుకలన్నిటికీ జాబితా ఉండాలని, అందులో వస్తువు వివరం, సుమారు వెల, ఇచ్చినవాళ్ళ పేరు, చుట్టరికం రాయాలని వరకట్న నిషేధ చట్టం కింద నియమాలొచ్చింది 1985లో. అయిదో తరగతి చదివిన అమ్మమ్మ ఆ పని రెండేళ్ళ ముందే చేసి పెట్టింది. స్త్రీధనం భర్త దగ్గరున్నా అది భార్య సొత్తేనని, అతని దగ్గర అప్పగింతగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది కూడా 1985లోనే. అమ్మమ్మకి ఏం అనుమానం వచ్చి రాసిందో! నా మనసులో అప్పుడే వ్యాసం తయారవుతోంది. ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టాను.

పదకొండో వరసలో గాజులు నాలుగు, ఆరు కాసులు అని ఉంది. అమ్మ చేతికి బంగారు గాజులు నేనెన్నడూ చూడలేదు.

"మీ అత్తయ్య పెళ్ళికి తాకట్టు పెట్టారు" అంది అమ్మ.

"తర్వాత?"

"తర్వాతేముంది? పోయినాయన మీద ఇప్పుడు దావా వేస్తావా? పుస్తకం ఆ పాత సామాన్లవాడికి పడెయ్."

ఫోన్ పక్కన పెట్టేశాను. నాకది దొరక్క దొరికిన ఆధారం. అమ్మకి అది మూసేసిన తలుపు. నలభై ఏళ్ళు అడగకుండా ఊరుకున్న సంగతిని నేను ఒక్క పేజీతో రచ్చకెక్కించబోయాను. నాన్న నాకు మంచివాడే, ఇప్పటికీ. ఆ గాజుల సంగతి తెలిశాక కూడా. అలా అనిపించడం నాకే ఇబ్బందిగా ఉంది.

మర్నాడు పొద్దున ఇత్తడివాడొచ్చి కిలోల లెక్కన తూచాడు. గంగాళం, ఒక బిందె, మరచెంబులు, తాతల పేర్లు చాలావరకు తూకానికి వెళ్ళిపోయాయి. రెండో బిందె అమ్మ ఇవ్వనంది. దాన్ని ఫ్లాటులో ఎక్కడ పెడతామో అప్పటికి నాకు తెలీదు. కంచు గిన్నె గురించి మా ఇద్దరికీ మాటే అవసరం లేకపోయింది.

వ్యానువాడికి టీ పెట్టిచ్చి వచ్చేసరికి, అమ్మ పద్దుల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నా పెన్సిలుతో వస్తువుల పక్కన టిక్కులు పెడుతోంది. ఉన్నవి పదిహేడు తేలాయి. పదకొండో వరస దగ్గర ఏ గుర్తూ పెట్టలేదు. పుస్తకం తీసుకుని నా పుస్తకాల అట్టపెట్టెలో సర్దబోయాను.

"అందులో కాదు. నా పెట్టెలో పెట్టు" అంది.