సిర్ర నుంచి ఉలి దాకా

నేను మొట్టమొదట చెక్కింది డప్పు సిర్ర. 1970ల మాట. నల్లగొండ జిల్లాల మా మాదిగవాడ ఊరికి ఎడంగ ఉండేది. నాయిన డప్పును గడ్డిమంటకు కాపుతుంటే నేను పక్కన కూసొని, ఆయన తోలు కోసే రంపెతోటి కట్టె గీకేవాణ్ణి. కుడిచేతి సిర్ర పొట్టిగ, లావుగ ఉండాలె. ఎడమచేతి చిటికెన పుల్ల సన్నగ, పొడుగ్గ. నాయిన రెండు దెబ్బలు కొట్టి చూసి, ఏమనకుండ నా ఒళ్లోకి విసిరేసేవాడు. మళ్లీ గీకాలె. కర్ర మీద నాకు మోజు పుట్టింది అక్కడ.

అసలు కర్రపని చూడాలంటే వడ్లాయన కొట్టం కాడికి పోవాలె. వానలకు ముందు రైతులు నాగళ్లు తెచ్చి వరసగ పెట్టేవాళ్లు. ఆయన బాడిసతోటి తుమ్మమొద్దు చెక్కుతుంటే పేళ్లు ఎగిరి నా కాళ్ల కాడ పడేవి. ఇనుప పట్టాను పిడకల మంటల ఎర్రగ కాల్చి, చక్రానికి ఎక్కించి నీళ్లు పోస్తే, పట్టా ముడుచుకొని ఆకులన్నీ బిగిసే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒకసారి కిందపడ్డ ఉలి తీసిచ్చిన. "ముట్టినవ్ గదరా పోరగా!" అని నీళ్లు చల్లి తీసుకున్నడు. ఇనుముకు మైలేందో నాకు అర్థం కాలె.

ఆయనేం దొర కాదు. కల్లం కాడ మేర కోసం ఆయనా నిలబడేటోడే, మా నాయినా నిలబడేటోడే. నిలబడే చోటే వేరు. మోటబావి చూడండి. గిరక ఆయన చేసింది, బొక్కెన, దాని తొండం మా నాయిన కుట్టింది. మా తోలులోంచి వచ్చిన నీళ్లతో ఊరి వరి పండేది. మా కడవ మాత్రం ఆ బావిల మునగొద్దు. రాజ్యాంగం 17వ అధికరణం 1950లోనే అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో శిక్షల చట్టం కూడ వచ్చింది. మా బావి కాడికి ఏదీ రాలేదు. కులమంటే పని విభజన ఒక్కటే కాదు, పనిచేసేవాళ్ల విభజన అని అంబేద్కర్ 1936లోనే వాదించిండు. ఆ గిరక కాడ నాకది చదవకముందే తెలుసు. చెప్పటానికి మాటలే లేవు.

కరెంటు మోటార్లొచ్చి మోట పోయింది. ప్లాస్టిక్ చెప్పులొచ్చి నాయిన ఆరె మూలకు పడ్డది. పదో తరగతి అయినంక ఐటీఐల కార్పెంటర్ ట్రేడుకు దరఖాస్తు పెట్టిన. రిజర్వేషన్ సీటు. రందా, ఉలి, రంపం, మూలమట్టం నా పేర రాసిచ్చి సంతకం తీసుకున్నరు. చెయ్యి వణికింది.

పని తొందరగనే వచ్చింది, సగం ముందే వచ్చు కాబట్టి. తోలు వీపు దిక్కు గట్టిగ, కడుపు దిక్కు వదులుగ ఉంటది, ఎటు సాగుతదో చూసి కొయ్యాలె అనేవాడు నాయిన. కర్రా అంతే. నార పోయే దిక్కు రందా తోస్తే నున్నగ వస్తది, ఎదురు తోస్తే లేస్తది. ఉలిని సానరాయి మీద పట్టినంక తోలుముక్క మీద రుద్దితే ఇంకా పదునెక్కుతది. ఆ తోలుముక్క ఇంటినుంచే తీసుకపోయిన. తోటిపిల్లలు నవ్విండ్రు. తర్వాత వాళ్లే అడిగి తీసుకున్నరు.

2023లో కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం పెట్టి 18 వృత్తుల జాబితా రాసింది. వడ్రంగీ ఉన్నడు, చెప్పులు కుట్టేవాడూ ఉన్నడు. పనిముట్లకు 15,000 రూపాయల దాక సాయం. పనిముట్లు ఎవరికి చేదు? కానీ తాత చేసిన పనికే మనవణ్ణి కట్టేసే వాసన దాంట్ల నాకు కొడుతది. నేను తాత పని నుంచి తప్పుకునే ఉలి పట్టిన.

ఐటీఐ నుంచి బయటికొచ్చి, మొదటి జీతంతో వేపకర్ర కొని ఒక కుర్చీ చేసిన. మేకు లేకుండ, ఉత్త అతుకులతోటి. నాయిన వచ్చి దాని మీద కూసోలేదు. కింద కూసొని, తోలు మందం చూసినట్టే బొటనవేలితో అతుకు తడిమిండు.

"సందు లేదురా" అన్నడు.